పిరేయస్‌లో కాలు పెట్టడానికి నాకు రెండేళ్ళ పైనే పట్టింది

2009 అక్టోబరులో మొదటిసారి గ్రీసు వెళ్ళాను. వెళ్ళానని మా అమ్మ గాజువాకలో వీధంతా చెప్పుకుంది. నిజానికి నేను చూసింది మూడు మైళ్ళ దూరంలో కొండల మీదికి ఎగబాకిన తెల్లటి ఇళ్ళు, చీకటి పడ్డాక వాటిలో వెలిగిన దీపాలు. అంతే. మాది బొగ్గూ ధాన్యమూ మోసే ఓడ. ఏథెన్స్ నగరానికి రేవైన పిరేయస్ బయట సారోనిక్ సింధుశాఖలో లంగరు వేసి, ఇంధనం నింపుకుని, పంపుల విడిభాగాలూ నాలుగు బస్తాల ఉల్లిపాయలూ ఎక్కించుకుని, పందొమ్మిది గంటల్లో కదిలిపోయింది. అప్పుడు నేను జూనియర్ ఇంజనీరుని. ఇంధనం ఎక్కుతున్నంతసేపూ ట్యాంకుల్లోకి కొలత టేపు దించి లెక్క రాయడం నా పని. రెండు ట్యాంకుల మధ్య దొరికిన పది నిమిషాల్లో డెక్కు మీదికి వచ్చి ఊరి వైపు చూస్తూ, "షోర్ లీవ్ ఉంటుందా సార్?" అని సెకండ్ ఇంజనీరుని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూసి టేపు మళ్ళీ చేతికిచ్చాడు.

ఓడల మీద తిరిగేవాళ్ళలో చాలామందికి పిరేయస్ అంటే ఇంతే. సరుకు దించే పని ఉండదు కాబట్టి రేవులోకి వెళ్ళరు. బయటే ఆగి, పెట్రోలు బంకు దగ్గర ఆగిన లారీలా, నింపుకుని పోతారు. నా పాస్‌పోర్టులో గ్రీసు ముద్ర లేదు. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.

ముద్ర పడింది 2012 ఫిబ్రవరిలో. అప్పటికి ఫోర్త్ ఇంజనీరునయ్యాను. ముంబయి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, వచ్చే వారం పిరేయస్‌లో ఓడ ఎక్కాలని. ఈ వ్యవహారం తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. పాస్‌పోర్టు, సీడీసీ అని మేము పిలిచే నావికుల గుర్తింపు పుస్తకం, ఇంజనీరు సర్టిఫికెట్లు, వైద్య పరీక్ష పత్రం, ఎల్లో ఫీవర్ టీకా కార్డు, కంపెనీ ఒప్పందం. వీటన్నిటి మీదా ఇంకొకటి ఉండాలి: ఫలానా మనిషి ఫలానా ఓడలో చేరడానికి వస్తున్నాడు, బాధ్యత మాది అని అక్కడి ఏజెంటు ఇచ్చే హామీ పత్రం. అది లేకపోతే హైదరాబాదులోనే విమానం ఎక్కనివ్వరు. నావికుడికిచ్చే ఆ వీసా ఊరు చూడటానికి కాదు, విమానం మెట్ల నుంచి ఓడ మెట్ల దాకా నడవడానికి.

ఏథెన్స్ విమానాశ్రయంలో ఏజెంటు మనిషి కాగితం పట్టుకుని నిలబడ్డాడు. దాని మీద నా పేరు లేదు, ఓడ పేరుంది. నాతో పాటు ఒక ఫిలిప్పీన్స్ ఆయిలరు, ఒక ఉక్రెయిన్ ఎలక్ట్రీషియను ఆ కాగితం కిందికి చేరారు. కౌంటరు దగ్గర గంటన్నర నిలబెట్టారు. చివరికి ముద్ర పడింది, కొద్ది రోజుల గడువుతో. బయటికి రాగానే ఏజెంటు ఫోను మోగింది. నల్ల సముద్రం నుంచి రావలసిన మా ఓడ ఇస్తాంబుల్ దగ్గర పొగమంచుకు ఆగిపోయిందట. రేపు రాదు, ఎల్లుండి కూడా అనుమానమే.

రేవు పక్కనే ఒక చిన్న హోటల్లో దించి మాకు రెండు షరతులు పెట్టాడు. ఫోను ఎప్పుడూ తెరిచి ఉంచాలి. పిలిస్తే గంటలోపల సంచితో సిద్ధంగా ఉండాలి. "ఏథెన్స్ వెళ్ళవద్దు" అని మూడోది తనే కలిపాడు. అంతకు ముందు వారమే, ఫిబ్రవరి 12న, పొదుపు చర్యలకు వ్యతిరేకంగా అక్కడ జరిగిన ఆందోళనలో పదుల కొద్దీ భవనాలు తగలబడ్డాయి. పార్లమెంటు ముందు వీధులింకా మసి వాసన కొడుతున్నాయని హోటలు గుమాస్తా కూడా అన్నాడు. అలా నాలుగు రోజులు నా గ్రీసు పిరేయస్ పొలిమేరల్లోనే ముగిసింది. ఏథెన్స్ కొండ మీది ప్రాచీన కోట ఎక్రోపొలిస్‌ను పిరేయస్‌లోని కాస్తెల్లా కొండ మీది నుంచి అగ్గిపెట్టెంత సైజులో చూశాను.

అందుకు ఇప్పుడు విచారం లేదు. గ్రీసు వచ్చే పర్యాటకులు పిరేయస్‌ను బస్టాండులా వాడుకుంటారు: రైలు దిగుతారు, పడవ ఎక్కుతారు, దీవులకు పోతారు. నన్ను అక్కడ ఆపింది పొగమంచు.

మొదటి రోజు రేవు చుట్టూ నడిచాను. పెద్ద రేవు ఒడ్డున సాగే ఆక్టీ మియావులీ అనే వీధి 1821 స్వాతంత్ర్య యుద్ధంలో గ్రీకు నౌకాదళాన్ని నడిపిన మియావులిస్ పేరు మీద ఉంది. ప్రపంచ వాణిజ్య నౌకల టన్నేజీలో దాదాపు అయిదో వంతు గ్రీకు యజమానులది. వాళ్ళ ఆఫీసులు చాలాకాలం ఈ ఒక్క వీధిలోనూ, దాని వెనక సందుల్లోనూ కిక్కిరిసి ఉండేవి. ఇత్తడి పలకల మీద పేర్లు చదువుకుంటూ పోతుంటే, నేను అంతకు ముందు పనిచేసిన రెండు ఓడల యజమానులు ఒకే భవనంలో పైకీ కిందికీ ఉన్నారని తెలిసింది. కొన్నాళ్ళు వాళ్ళ జనరేటర్ల కింద పడుకుని బతికినవాణ్ణి, తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. అదే ఒడ్డున ఇరవై అంతస్తులకు పైగా లేచిన ఒక కట్టడం కనిపించింది. కింద దుకాణాలు, పైనంతా ఖాళీ. 1972లో మొదలుపెట్టి వదిలేశారట. నలభై ఏళ్ళుగా అలాగే ఉందని గుమాస్తా కాస్త గర్వంగానే చెప్పాడు.

వీధుల విషయంలో ఒక తమాషా ఉంది. నేను ఏ ఊళ్ళోనైనా దారి తప్పుతాను. పిరేయస్‌లో తప్పలేదు. వీధులన్నీ గీత గీసినట్టు ఒకదానికొకటి అడ్డంగా కోసుకుంటూ పోతాయి, తిన్నగా నడిస్తే ఏదో ఒక వైపు సముద్రం తగులుతుంది. ఆ గళ్ళ నుడికట్టు ఆలోచన క్రీస్తు పూర్వం 5వ శతాబ్దపు మిలీటస్ వాస్తవ్యుడు హిప్పొడేమస్‌ది. ఇప్పటి వీధులు 19వ శతాబ్దంలో మళ్ళీ గీసినవే అయినా, ఊరి మధ్య ఒక కూడలి ఆయన పేరుతో ఉంది.

అసలు ఈ ఊరిని రేవుగా చూసిన మొదటి మనిషి థెమిస్టోక్లీస్. అంతకు ముందు ఏథెన్స్ వాళ్ళు ఫాలెరాన్ అనే తెరిపి ఇసుక తీరంలో పడవలు ఒడ్డుకు లాగేవాళ్ళు. దక్షిణపు గాలి వీస్తే అక్కడ దిక్కులేదు. ఆ పక్కనే రాతి ద్వీపకల్పం, అందులో సహజంగా ఏర్పడిన మూడు రేవులు: పడమట పెద్దదైన కాంథరోస్, తూర్పున గుండ్రటి జియా, దానికి అవతల చిన్న మునీకియా. క్రీ.పూ. 493లో ఏథెన్స్ పాలనాధికారి అయినప్పుడు దీని కోట పని మొదలుపెట్టించాడు. పదేళ్ళ తర్వాత లారియం గనుల్లో వెండి విరివిగా పడితే, దాన్ని జనానికి పంచకుండా యుద్ధ నౌకలు కట్టించమని సభను ఒప్పించాడు. ఆ నౌకలే క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియన్లను ఓడించాయి. తర్వాత ఏథెన్స్‌నూ పిరేయస్‌నూ కలుపుతూ ఆరేడు కిలోమీటర్ల జంట గోడలు లేచాయి. ఊరిని ఎంతమంది ముట్టడించినా ధాన్యపు ఓడ ఆగదు. ఓడల వల్లనే బతికిన నగరానికి ఓడల వెంటే చావు కూడా వచ్చింది: క్రీ.పూ. 430 నాటి మహమ్మారి నగర ప్రాంతంలో ముందు తాకింది పిరేయస్‌నే. శత్రువులు నీళ్ళ తొట్లలో విషం కలిపారని జనం అనుకున్నట్టు ఆ కాలపు చరిత్రకారుడు థూసిడిడీస్ రాశాడు. 404లో ఏథెన్స్‌తో యుద్ధంలో స్పార్టా గెలిచి, వేణువుల మోతల మధ్య గోడలను కూల్చింది.

నా వృత్తికి దగ్గరగా అనిపించింది మాత్రం రెండో రోజు చూసిన ఒక సెల్లారు. జియా రేవును ఇప్పుడు పాసాలిమాని అంటారు. చుట్టూ కాఫీ దుకాణాలు, లోపల ధనవంతుల పడవలు. ఆ ఒడ్డున ఒక అపార్టుమెంటు అడుగున పాత రాతి పునాదులు కనిపిస్తాయి. యుద్ధ నౌకలను నీళ్ళలోంచి లాగి పైకప్పు కింద ఆరబెట్టిన షెడ్ల పునాదులు అవి. చెక్క ఓడ నీళ్ళలోనే ఉంటే నీరు పీల్చి బరువెక్కుతుంది, నావ పురుగు తొలిచేస్తుంది. కాబట్టి పని లేనప్పుడు ఒడ్డుకెక్కించాలి. క్రీ.పూ. 4వ శతాబ్దపు శాసనాల లెక్క ప్రకారం జియాలో 196, మునీకియాలో 82, కాంథరోస్‌లో 94, మొత్తం 372 షెడ్లు. ఒక్కో నౌకకు 170 మంది తెడ్లు వేసేవారు. 372 డ్రై డాకులున్న రేవు నేను ఈనాటికీ ఎక్కడా చూడలేదు. ఏ షెడ్డులో ఏ నౌక, ఏ నౌకకు ఎన్ని తెడ్లు పాడయ్యాయి, ఎవరు బాకీ ఉన్నారు అని అధికారులు రాళ్ళ మీద చెక్కించేవారట. మా స్టోర్ రూము పుస్తకం గుర్తొచ్చి నవ్వుకున్నాను. మాకు రాయి లేదు కాబట్టి కొట్టివేతలు ఎక్కువ.

జియా దాటితే సముద్రం అంచున ఫ్రెయాటిదా అనే పేట వస్తుంది. అక్కడి నౌకా మ్యూజియంలో కౌంటరు దగ్గర కూర్చున్న పెద్దాయన ఒకప్పటి వైర్‌లెస్ ఆఫీసరు. విశాఖపట్నం పేరు చెప్పగానే, "డాల్ఫిన్ నోస్!" అని చేతితో కొండ ఆకారం గీశాడు. లోపల చూసిన ఓడ నమూనాలకన్నా ఆయన చెప్పిన ముక్క నాకు బాగా పట్టుకుంది. ప్రాచీన ఏథెన్స్‌లో హత్య కేసులకు వేర్వేరు న్యాయస్థానాలుండేవి. వాటిలో ఒకటి ఈ ఒడ్డునే ఉండేదట. ఒక హత్యకు బహిష్కారం అనుభవిస్తున్నవాడి మీద ఇంకో హత్యారోపణ వస్తే విచారణ జరగాలి, కానీ వాడు ఈ నేల తొక్కకూడదు. అందుకని నిందితుడు పడవలో నిలబడి వాదించుకునేవాడు, న్యాయమూర్తులు ఒడ్డున కూర్చుని వినేవారు. అరిస్టాటిల్ కూడా ఈ పద్ధతి గురించి రాశాడు. లంగరు వేయడానికి గాని, ఒడ్డుకు పలక ఆనించడానికి గాని వీల్లేదని తర్వాతి వాళ్ళు వివరించారు.

నేను ఎవరినీ చంపలేదు. అయినా 2009లో మాకూ సరిగ్గా అదే ఏర్పాటు. లంగరు వేసుకోనిచ్చారు, అంతవరకు నయం. ఈ మాట పెద్దాయనతో అంటే పగలబడి నవ్వి, టికెట్టు డబ్బులు వెనక్కివ్వబోయాడు.

మూడో రోజు వాన. పురావస్తు మ్యూజియంలోకి దూరాను. అక్కడ ఒక గదిలో ఆరడుగులకు పైగా ఉన్న కంచు అపోలో నిలబడి ఉన్నాడు. మనిషి కొలతల్లో పోత పోసిన గ్రీకు కంచు విగ్రహాల్లో మిగిలినవాటిలో అతి పాతది. ముందుకు చాచిన రెండు చేతులు, కొంచెం వంగిన తల, ఏదో ఇవ్వబోయి ఆగినట్టు. పక్కన ఎథీనా, రెండు ఆర్టెమిస్ విగ్రహాలు. 1959 జులైలో ఊరి నడుమ ఒక వీధిలో మురుగు కాలువ తవ్వుతున్న కూలీల గునపాలకు ఇవి తగిలాయి. ఓడకెక్కించడానికి గిడ్డంగిలో పేర్చినట్టు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. క్రీ.పూ. 86లో రోమన్ సేనాని సుల్లా పిరేయస్‌ను తగలబెట్టిన సమయంలో ఆ గిడ్డంగి కూలి వాటిని కప్పేసిందని పండితులు అంటారు. ఎక్కవలసిన ఓడ ఎక్కకుండా రెండు వేల ఏళ్ళు ఉండిపోయాయన్నమాట. నేను మూడు రోజులకే విసుక్కుంటున్నాను.

సుల్లా తర్వాత ఈ ఊరి కథలో చెప్పుకోవడానికి దాదాపు ఏమీ లేదు. పేరు కూడా పోయింది. రేవు ముఖద్వారం దగ్గరి పాలరాతి సింహం వల్ల మధ్యయుగపు నావికులు దీన్ని పోర్టో లియోనే అన్నారు. 11వ శతాబ్దంలో ఇటుగా వచ్చిన ఉత్తరాది స్కాండినేవియా సైనికులు ఆ సింహం భుజాల మీద తమ రూనిక్ లిపిలో ఏదో చెక్కిపోయారు. 1687లో వెనిస్ సేనాని మొరొసీని సింహాన్నే ఎత్తుకుపోయాడు. అసలుది ఇప్పుడు వెనిస్ ఆయుధశాల గుమ్మంలో ఉంది, పిరేయస్‌లో ఉన్నది నకలు. 1834లో ఏథెన్స్ కొత్త దేశానికి రాజధాని అయ్యేనాటికి ఇక్కడ ఒక మఠం, కొన్ని గుడిసెలు తప్ప ఊరనేది లేదు. హైడ్రా, కియోస్ దీవుల నుంచి వచ్చిన జనం మళ్ళీ కట్టుకున్నారు. 1869లో ఏథెన్స్‌కు రైలు పడింది. నూలు మిల్లులు, యంత్రాల కార్ఖానాలు వచ్చాయి. పాత కాలపు జంట గోడలున్న దారినే దాదాపుగా ఆ రైలు ఈనాటికీ నడుస్తోంది. మొదటిసారి నేను పిరేయస్ స్టేషను చూడటానికి వెళ్ళింది టికెట్టు కొనడానికి కాదు, ఆ ఇనుప కప్పు చూడటానికి.

నాలుగో రాత్రి పదకొండింటికి ఫోను మోగింది. పోలీసు కౌంటరులో దేశం వదిలినట్టు ముద్ర, లాంచీలో ముప్పావు గంట అలల మీద ఎగిరి పడటం, చీకట్లో ఓడ గోడంత ఎత్తున లేవడం, నిచ్చెన. డెక్కు మీద కాలు పెట్టగానే సెకండ్ ఇంజనీరు చెయ్యి కలిపి, రెండో జనరేటరు ఆయిలు కారుతోందని చెప్పాడు. ఊరు అయిపోయింది.

2017లో మళ్ళీ వెళ్ళాను, ఈసారి సెకండ్ ఇంజనీరుగా. రేవుకు పడమటి కొసన ఉన్న పెరామాలో ఓడ మరమ్మతుకు మూడు వారాలు కట్టేశాం. అడుగు పలకలు మార్చాలి, పైపులు మార్చాలి, జనరేటరు విప్పాలి. ఒడ్డుకు వెళ్ళే పాసు చేతిలో ఉంది, వెళ్ళే తీరికే లేదు. అదీ మా బతుకు.

వెల్డర్ల ముఠా పెద్దకు అరవై దాటాయి. అతన్ని అందరూ "మాస్తొరా" అని పిలుస్తారు. మా దగ్గర మేస్త్రీ అంటాం అంటే ఆశ్చర్యపోయాడు. పోర్చుగీసు వాళ్ళ ద్వారా మన దాకా వచ్చిన మాటా, రోమన్ల ద్వారా వాళ్ళకు వచ్చిన మాటా ఒకే లాటిన్ తల్లి పిల్లలు. ఆ రోజు నుంచి నన్ను అతను మేస్త్రీ అన్నాడు, నేను అతన్ని మాస్తొరా అన్నాను. పది గంటలకు నువ్వుల కంకణం లాంటి రొట్టె, కులూరి, నాకోసం కూడా తెచ్చేవాడు. ఎదురుగా కనబడే సలామిస్ దీవిని కూడా పాతవాళ్ళు కులూరి అనేవారని చెప్పాడు. మేం రొట్టె తింటున్న చోటికీ ఆ దీవికీ మధ్య ఉన్న సన్నటి నీళ్ళలోనే 480 నాటి యుద్ధం జరిగింది. మా వెనక కొండల వాలున సింహాసనం వేయించుకుని పర్షియా రాజు జెర్క్సీస్ తన నౌకలు మునగడం చూశాడట. ఇప్పుడు ఆ నీళ్ళ మీద పావుగంటకొకటి బల్లకట్టు లాంటి ఫెర్రీ, కార్లనూ కూరగాయల వ్యాన్లనూ మోసుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంది.

మాస్తొరా నాయనమ్మ ఇప్పటి టర్కీలో ఉన్న స్మిర్నా నుంచి వచ్చింది. 1922లో గ్రీకు సేన టర్కీలో ఓడిపోయాక, ఆ మరుసటి ఏడాది రెండు దేశాలూ మతాన్ని బట్టి జనాన్ని మార్చుకున్నాక, లక్షల మంది పడవల్లో ఇటు వచ్చిపడ్డారు. వాళ్ళను ముందుగా దించిన రేవుల్లో పిరేయస్ ఒకటి. 1920 జనాభా లెక్కల్లో ఊరు సుమారు 1,33,000, 1928కి 2,50,000. కొక్కీనియా, డ్రాపెట్సోనా, కెరాట్సిని లాంటి పేటలన్నీ ఆ గుడిసెల్లోంచి పుట్టినవే. రేవు పని, హషీష్ పొగ, జైలు, విరహం కలిసిన రెబేటికో పాటలు ఆ వీధుల్లోనే ముదిరాయి. సీరోస్ దీవి నుంచి చిన్న వయసులో వచ్చి ఈ రేవులో బొగ్గు మోసిన మార్కోస్ వంవకారిస్ ఆ పాటకు పెద్ద. మాస్తొరా ఫోనులో ఎప్పుడూ అతని బుజుకీ అనే తంత్రీ వాద్యం మోగుతుండేది. గ్రైండరు చప్పుడులో నాకు తాళం మాత్రమే వినబడేది.

ఒకసారి మాటల్లో యుద్ధం వచ్చింది. 1941 ఏప్రిల్ 6 రాత్రి జర్మన్ విమానాలు పిరేయస్ మీద బాంబులు వేశాయి. రేవులో ఉన్న క్లాన్ ఫ్రేజర్ అనే బ్రిటిష్ ఓడలో 250 టన్నుల పేలుడు పదార్థం ఇంకా దించలేదు. తెల్లవారుజామున అది పేలితే పక్క ఓడలు మునిగాయి, రేవు రూపు మారిపోయింది, ఏథెన్స్‌లో కిటికీ అద్దాలు పగిలాయి. ఏప్రిల్ 6 అనగానే నేను ఉలిక్కిపడ్డాను. సరిగ్గా ఏడాదికి, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఆ రోజు ఊరు ఖాళీ చేసి ఎడ్లబండి ఎక్కిన కథ మా తాతయ్య చెప్పేవాడు. అది మాస్తొరాకు చెప్పాను. కాసేపు ఇద్దరం కులూరి నమిలాం.

పెరామా నుంచి తూర్పుకు చూస్తే కంటెయినరు క్రేన్లు వరుసగా నీలిరంగు జిరాఫీల్లా కనబడతాయి. 2009 అక్టోబరు 1న, అంటే నేను మొదటిసారి లంగరు దగ్గర నిలబడిన ఆ నెలలోనే, చైనా ప్రభుత్వ సంస్థ కాస్కో ఇక్కడి కంటెయినరు జెట్టీలను 35 ఏళ్ళ ఒప్పందం మీద తీసుకుంది. అందుకే అప్పుడు రేవు కార్మికులు సమ్మె కట్టారు. సమ్మెలు జరిగిన 2008లో ఈ రేవు ఎత్తిదించినవి దాదాపు 4.3 లక్షల కంటెయినర్లు, ఇరవై అడుగుల లెక్కన. 2019లో 56 లక్షలకు పైగా, మధ్యధరా సముద్రం మొత్తంలో మొదటి స్థానం. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. సూయజ్ కాలువ దాటి వచ్చిన పెద్ద ఓడకు యూరప్‌లో దారి తప్పకుండా తగిలే లోతైన రేవు ఇది. ఇక్కడ దించి చిన్న ఓడల్లో నల్ల సముద్రానికో ఆడ్రియాటిక్‌కో పంపితే పెద్ద ఓడ తిరిగే రోజులు మిగులుతాయి. అప్పుల కింద నలిగిన గ్రీసు ప్రభుత్వం 2016లో రేవు సంస్థలోనే 51 శాతం వాటాను 28 కోట్ల యూరోలకు కాస్కోకే అమ్మింది. 2021లో వాటా 67 శాతానికి చేరింది.

మంచిదా చెడ్డదా అని మాస్తొరాను అడిగాను. సమాధానం వెంటనే రాలేదు. తన అల్లుడు అటు క్రేను నడుపుతాడట. తను మాత్రం 2012లో ఏడాదికి నలభై రోజులు పని దొరికినవాడు. "రేవు పెరిగింది, పెరామా పెరగలేదు" అన్నాడు, ముసుగు కిందికి దించుకుంటూ. నాకు మాత్రం రెండూ ఒకే ఒడ్డున ఉండటం వింతగా తోచింది. అటు మనుషులు కనబడకుండా పెట్టెలు కదులుతుంటే, ఇటు ముగ్గురు మనుషులు ఒక బోల్టుతో కుస్తీ పడుతున్నారు. నా మనసు బోల్టు వైపే. అది అభిమానమే, ఆర్థిక శాస్త్రం కాదు.

చివరిసారి 2023 నవంబరులో. చీఫ్ ఇంజనీరుగా అయిదు నెలలు చేసి, పిరేయస్ బయట లంగరు దగ్గరే దిగాను. నన్ను విడిపించే చీఫ్‌తో పాటు లాంచీలో ఒక ట్రైనీ ఇంజనీరు వచ్చాడు, శ్రీకాకుళం జిల్లా సోంపేట అబ్బాయి. నేను తెలుగువాణ్ణని తెలియగానే మొహం వెలిగింది. "గ్రీసు ఎలా ఉంటుంది సార్?" అని అడిగాడు. విమానాశ్రయం నుంచి కారు, కారు నుంచి లాంచీ, అంతకు మించి అతను చూడలేదు. దారిలో ఏం కనబడిందని అడిగితే, రేవు ఒడ్డున అద్దాల మేడ ఒకటి భలేగా మెరుస్తోంది సార్ అన్నాడు. యాభై ఏళ్ళు ఖాళీగా నిలబడిన ఆ పాత కట్టడానికే ఇప్పుడు కొత్త అద్దాల తొడుగు వేశారు. ఆ కథ చెబుదామని నోరు తెరిచేలోపు ఇంధనం పడవ పక్కకు వచ్చి తాకింది. సెకండ్ ఇంజనీరు అబ్బాయి చేతికి కొలత టేపు ఇచ్చాడు. "లాంచీ దిగాక ఫోను చేస్తాను" అన్నాను, అబద్ధం అని తెలిసీ.

ఒడ్డున ముద్రలన్నీ అయ్యాక ఏజెంటు గడియారం చూసుకుని, "విమానానికి ఇంకా తొమ్మిది గంటలుంది, కారులో ఎక్రోపొలిస్ దగ్గర దించమంటారా?" అని అడిగాడు. 2022 అక్టోబరు నుంచి మెట్రో మూడో లైను పిరేయస్ దాకా వచ్చింది. నగరపాలక నాటకశాల ముందు ఎక్కితే నేరుగా విమానాశ్రయమే, దారి తప్పేవాడికి కూడా భయం లేదు. అంచేత సంచి ఏజెంటు ఆఫీసులో పడేసి జియా వైపు నడిచాను. ఫ్రెయాటిదా దగ్గర, క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఏథెన్స్ సేనాని కోనన్ కట్టించిన గోడ రాళ్ళ మీద కూర్చుని రెండు కులూరీలు తిన్నాను. మ్యూజియంలో కౌంటరు దగ్గర ఎవరో కుర్రాడున్నాడు. దూరంగా లంగరు దగ్గర ఓడలు లెక్కపెడితే పదకొండు. వాటిలో మాది ఏదో గుర్తుపట్టలేకపోయాను.

మధ్యాహ్నం మా ఆవిడ ఫోను చేసింది. "ఈసారైనా ఎక్రోపొలిస్ ఫోటో పంపండి, అత్తయ్య పక్కింటి వాళ్ళకు చూపిస్తారట" అంది. అపార్టుమెంటు కింది రాతి షెడ్డు ఫోటో పంపాను. ఇంత పాత సెల్లారు ఎవరిదండీ అని తిరిగి మెసేజి వచ్చింది.